అడ్వాన్స్ ఇచ్చే ముందు ఒక పెళ్లి మొత్తం చూపించమనండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పెళ్లి ఫొటోల గురించే. మాఘమాసం ముహూర్తాలు దగ్గరపడుతున్నాయి కదా. నేను తణుకులో 1991 నుంచి ఈ పనిలో ఉన్నాను. మొదటి రెండేళ్లూ నా చేతికి కెమెరా రాలేదు. వెయ్యి వాట్ల వీడియో లైటు పట్టుకుని నిలబడేవాణ్ణి. ఆ వేడికి పెళ్లికూతురి కళ్యాణం బొట్టు కారుతుంటే వాళ్లమ్మ కొంగుతో అద్దేది. లైటు ఒక అడుగు వెనక్కి జరిపితే ఆ పిల్ల ముఖం ఎంత తేలికపడేదో దగ్గరగా చూశాను. ఎక్కడ నిలబడాలో తెలియడమే ఈ పనిలో సగం అని అప్పుడే అర్థమైంది. ఇక్కడ చెప్పే ధరలు మా తణుకు, భీమవరం, పాలకొల్లు చుట్టుపక్కల నాకు తెలిసినవి. హైదరాబాద్, విజయవాడల్లో ఇంతకంటే ఎక్కువే ఉంటాయి.

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లి ఫిబ్రవరిలో. ముహూర్తం రాత్రి 2 గంటల 14 నిమిషాలకు. ముగ్గురిని అడిగితే ఒకరు 45 వేలు, ఒకరు లక్షా 40 వేలు, మరొకరు 2 లక్షల 75 వేలు, ఆపైన జీఎస్‌టీ అన్నారు. నేను టీచరుగా రిటైరయ్యాను. పెళ్లి మొత్తం 12 లక్షల్లో ముగించాలి. ఇంత తేడా ఎందుకు? ఎవరికి ఇవ్వాలి?
— ఒక తండ్రి, పాలకొల్లు

జవాబు: మాస్టారూ, మూడు కొటేషన్లూ పక్కపక్కన పెట్టుకుని, చివర ఉన్న మొత్తాన్ని కాసేపు చేత్తో మూసెయ్యండి. ఎంతమంది వస్తారు, ఎన్ని గంటలు ఉంటారు, ఆల్బమ్‌లో ఎన్ని షీట్లు, ఈ మూడే చదవండి. తేడా అంతా అక్కడే ఉంటుంది.

45 వేలకు వచ్చేది సాధారణంగా ఒక ట్రెడిషనల్ ఫొటోగ్రాఫర్, ఒక వీడియో అతను, ఒక ఆల్బమ్. ట్రెడిషనల్ అంటే పురోహితుడు చేయించే ప్రతి క్రతువూ ఎదురుగా నిలబడి తీసి, తర్వాత బంధువుల్ని వరసగా స్టేజీ మీద నిలబెట్టి తీసే మనిషి. ఈ పనిని ఈమధ్య చాలామంది చిన్నచూపు చూస్తున్నారు. అది తప్పు. మీ వియ్యాలవారి తరఫు వాళ్లందరూ ఫొటోలో ఉన్నారంటే అది అతని చలవే. లక్షా 40 వేలలో దీనికి తోడు కాండిడ్ ఫొటోగ్రాఫర్ ఒకరు వస్తారు. ఆయన ఎవరినీ నిలబెట్టడు, ఇటు చూడమని అడగడు. పక్కనుంచి కనిపెట్టి తీస్తాడు. పెళ్లిని సినిమాలా తీసి కూర్చే సినిమాటిక్ వీడియో అతను కూడా ఉండొచ్చు. 2 లక్షల 75 వేలలో ఇవే మనుషులు ఇద్దరేసి, డ్రోన్, ఎల్‌ఈడీ స్క్రీన్లు, నిమిషం టీజర్, రెండో ఆల్బమ్ ఉంటాయి. అవునో కాదో మీ కాగితాల్లో చూడండి.

మీ పెళ్లికి అసలైన కష్టం ముహూర్తం వేళ. రాత్రి 2:14 అంటే, సాయంత్రం అయిదింటికి వచ్చిన ఫొటోగ్రాఫర్ తొమ్మిది గంటలకు పైగా నిలబడ్డాక ఆ ఘడియ వస్తుంది. "ఎన్ని గంటలు" అని అడగమన్నది ఇందుకే. కొన్ని ప్యాకేజీల్లో ఎనిమిది గంటలే ఉంటాయి, ఆపైన గంటకు ఇంత అని అడుగుతారు. అప్పగింతలు అయ్యేదాకా, అంటే తెల్లవారి ఏడింటిదాకా ఉండాలని కాగితం మీద రాయించుకోండి. ఇంకో మాట. టీమ్‌కు రాత్రి తొమ్మిదింటికల్లా భోజనం పెట్టించండి. ముహూర్తం హడావిడిలో అందరూ వాళ్లను మర్చిపోతారు. ఒంటిగంటకు వంటవాళ్లు గిన్నెలు కడిగేసి ఉంటారు. కాళ్లు తేలిపోతున్న మనిషి చేతిలో కెమెరా కదలకుండా ఉండదు.

ఆ 2:14కి ఏం జరుగుతుందో ఒక్కసారి కళ్ల ముందు పెట్టుకోండి. అడ్డుతెర ఇవతల మీ అల్లుడు, అవతల మీ అమ్మాయి. ఇద్దరి చేతుల్లో తమలపాకు, అందులో జీలకర్ర బెల్లం ముద్ద. ముహూర్తం అయ్యిందని పురోహితుడు చెయ్యి ఎత్తగానే గట్టిమేళం మొదలవుతుంది. ఒకరి తల మీద ఒకరు చెయ్యి పెడతారు, తెర కిందికి దిగుతుంది, ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. అదే క్షణంలో నలభై మంది లేచి అక్షింతలు వేస్తారు. వాళ్ల చేతులూ భుజాలూ కెమెరాకు అడ్డం. అప్పుడు చోటు వెతుక్కునేవాడికి ఏమీ దొరకదు. తెలిసినవాడు అరగంట ముందే మండపం మూల స్తంభం పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఉంటాడు. తెర దిగేటప్పుడు అతనికి మీ అమ్మాయి కళ్లు పైకి లేవడం కనిపిస్తుంది. ఇంకొకరు మీ దంపతుల వైపు తిరిగి ఉండాలి, ఎందుకంటే ఆ క్షణంలో మీ ముఖాలు మీకు కనిపించవు. ఈ పని ఒక్క మనిషితో కాదు. అందుకే మీకు 45 వేలది వద్దంటున్నాను.

అలాగని 2 లక్షల 75 వేలదీ వద్దు. నాకు తెలిసిన రేట్లతో మీకు ఒక లెక్క వేస్తాను. కాండిడ్ ఫొటో 25 వేలు, ట్రెడిషనల్ ఫొటో 10 వేలు, వీడియో 10 వేలు. నలభై షీట్ల ఆల్బమ్ డిజైన్, ప్రింట్, బాక్సుతో 16 వేలు. వీడియో మిక్సింగ్ 12 వేలు. రానుపోను ఖర్చులు, హార్డ్ డిస్క్ కలిపి 5 వేలు. పెళ్లికూతురును చేసే రోజుకు పూటమట్టుకు ఒక ఫొటోగ్రాఫర్ 7 వేలు. మొత్తం 85 వేలు. లక్షా 40 వేలు చెప్పిన ఆయన పని మీకు నచ్చితే ఆయన దగ్గరకే వెళ్లి, "సినిమాటిక్, డ్రోన్, టీజర్ వద్దు, మనుషులు మాత్రం తగ్గొద్దు" అనండి. మొత్తం తగ్గించమని బేరమాడకండి. అలా బేరమాడితే పైకి సరేనని, పెళ్లినాడు ఒక మనిషిని తగ్గించి పంపేవాళ్లు ఉన్నారు.

డ్రోన్ వద్దనడానికి కారణం ఉంది. ఫంక్షన్ హాల్ లోపల జరిగే రాత్రి పెళ్లికి అది చూపించేది పార్కింగ్, పైకప్పు రేకులు. పైగా 250 గ్రాములు దాటిన డ్రోన్‌ను వృత్తిగా ఎగరేసేవారికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉండాలి. విమానాశ్రయం దగ్గరి హాళ్లయితే అనుమతి లేకుండా ఎగరెయ్యకూడదు. పల్లెటూళ్లో పొలం పక్కన పందిరి వేసి, పొద్దున పూట చేసే పెళ్లికి డ్రోన్ బాగుంటుంది, కాదనను.

జీఎస్‌టీ సంగతి. ఫొటోగ్రఫీ సేవలకు 18 శాతం పన్ను ఉంది. అయితే ఏడాదికి 20 లక్షల లోపు వ్యాపారం చేసేవాళ్లు సాధారణంగా రిజిస్టర్ కానక్కర్లేదు, రిజిస్టర్ కానివాళ్లకు మీ దగ్గర ఆ పన్ను వసూలు చేసే హక్కూ లేదు. 2 లక్షల 75 వేల మీద 18 శాతం అంటే 49,500 రూపాయలు. జీఎస్‌టీ నంబరు ఉన్న బిల్లు ఇవ్వగలరా అని మర్యాదగా అడగండి.

చివరగా, డెకరేషన్ వాళ్లతో ఒక మాట చెప్పండి. మండపానికి నీలం, గులాబీ రంగు ఎల్‌ఈడీ లైట్లు వేస్తే ముఖాలు ఊదారంగులోకి వెళ్లిపోతాయి. ఎంత ఖరీదైన కెమెరా అయినా, ఎడిటింగులో ఎంత కష్టపడినా ఆ రంగు పూర్తిగా పోదు. రిసెప్షన్‌కు ఎన్ని రంగులైనా వేసుకోనివ్వండి. ముహూర్తానికి గంట ముందు నుంచి పెళ్లి పీటల మీద మామూలు తెల్ల లైటు, కాస్త పసుపు ఛాయలో ఉండేది వెయ్యమనండి. దీనికి మీకు రూపాయి ఖర్చు కాదు.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాను. పెళ్లి మా సొంతూరు నల్గొండలో. ఇన్‌స్టాగ్రామ్‌లో వంద పేజీలు చూశాను, అన్నీ బాగున్నాయి, అన్నీ ఒకేలా ఉన్నాయి. ఎలా ఎంచుకోవాలో తెలియక టెన్షన్‌గా ఉంది.
— ఒక పెళ్లికూతురు, మియాపూర్

జవాబు: అమ్మా, నువ్వు చూసినవి ఒక్కో పెళ్లిలో వెయ్యి ఫొటోలు తీస్తే వాటిలోంచి ఏరిన రెండు మూడు. అందుకే అన్నీ బాగుంటాయి. నీకు నచ్చిన ముగ్గురికి ఫోన్ చేసి, ఒక పెళ్లి మొదటి ఫొటో నుంచి చివరి ఫొటో దాకా చూపించమని అడుగు. ఆ కుటుంబం ఒప్పుకుంటేనే చూపించగలరు, కాబట్టి స్టూడియోకు వెళ్లి వాళ్ల దగ్గరే కూర్చుని చూస్తానను. రిసార్ట్‌లో సాయంత్రం వెలుగులో జరిగింది వద్దు, మామూలు ఫంక్షన్ హాల్లో రాత్రి ముహూర్తానికి జరిగింది కావాలను. దానికి కూడా ఒప్పుకోకపోతే వేరేవాళ్లను చూసుకో.

చూసేటప్పుడు పెళ్లికూతురిని వదిలెయ్. ఆమె ఎలాగూ బాగుంటుంది. భోజనాల బంతి ఫొటోలు చూడు. వెనక వరసలో కూర్చున్న ముసలాయన ముఖం స్పష్టంగా ఉందా? హోమం పొగలో తీసినవి ఎలా వచ్చాయి? చామనఛాయ మనుషులు చామనఛాయగానే ఉన్నారా, లేక అందరినీ పిండి రాసినట్టు తెల్లగా చేశారా? ఈ చివరిది నాకు చాలా బాధ కలిగించే విషయం. ఒక పెళ్లిలో మా కుర్రాడు ఎడిటింగులో పెళ్లికూతురి రంగు మార్చేశాడు. ఆల్బమ్ తెరిచి ఆ అమ్మాయి రెండు పేజీలు తిప్పి, "ఇది నేను కాదండీ" అంది. షీట్లన్నీ మళ్లీ నా ఖర్చుతో ప్రింట్ చేయించాను. ఆ రోజు నుంచి మా స్టూడియోలో ఎవరి రంగూ ముట్టుకోం. నువ్వు కూడా ముందే చెప్పు, వీలైతే కాగితం మీద రాయించు.

రెండోది, వచ్చేది ఎవరు? మంచి ముహూర్తం ఉన్న రోజున ఒక పేరున్న స్టూడియో నాలుగైదు పెళ్లిళ్లు ఒప్పుకుంటుంది. నీతో మాట్లాడిన ఆయన ఒక పెళ్లికే వెళ్లగలడు, మిగతావాటికి రోజు కూలి మీద వేరేవాళ్లు వెళతారు. వాళ్లలో చాలా మంచి పనివాళ్లు ఉంటారు, నేనూ అలా వెళ్లినవాణ్ణే. కానీ ఎవరు వస్తారో, వాళ్లు తీసినవేవో నీకు ముందే తెలియాలి కదా.

మూడోది మన పెళ్లి తెలిసినవాళ్లా కాదా అన్నది. మరో రాష్ట్రం నుంచి వచ్చిన ఒక పెద్ద టీమ్‌తో కలిసి నేను ఒకసారి పనిచేశాను. అబ్బాయి తరఫున వాళ్లు, అమ్మాయి తరఫున మేము. వాళ్లు తాళి కట్టడమే ముహూర్తం అనుకున్నారు. జీలకర్ర బెల్లం వేళకు వాళ్లలో ముఖ్యమైన కెమెరా అతను బ్యాటరీ మార్చుకోవడానికి విడిది గదికి వెళ్లాడు. గట్టిమేళం విని పరుగున వచ్చేసరికి తెర దిగిపోయింది. అబ్బాయి వాళ్లమ్మ వాళ్లకు నాలుగున్నర లక్షలు ఇచ్చారు. చివరికి ఆ ఫొటోలు మా దగ్గర తీసుకున్నారు. మంచి పనివాళ్లే, మన పద్ధతి ఎవరూ చెప్పలేదు, వాళ్లూ అడగలేదు. కాబట్టి నువ్వు మాట్లాడేటప్పుడు, "మా వైపు ఎదురుకోలు, గౌరీ పూజ, మేనమామ బుట్టలో తీసుకురావడం ఉంటాయి, ఏది ఎప్పుడో తెలుసా" అని అడుగు. తెలిసినవాడు వెంటనే నిన్నే తిరిగి ప్రశ్నలు అడుగుతాడు. తలంబ్రాలకు ముత్యాలా, థర్మాకోల్ గోళీలా, బియ్యమేనా అని అడిగితే ఇంకేమీ చూడకుండా అడ్వాన్స్ ఇచ్చెయ్.

ప్రశ్న: కాబోయే అల్లుడుగారు ప్రీ వెడ్డింగ్ షూట్ కావాలంటున్నారు. 60 వేలు, రెండు రోజులు అరకులో. అమ్మాయికి పెద్దగా ఇష్టం లేదు, చెప్పలేకపోతోంది. మాకూ భారమే.
— ఒక తల్లి, తాడేపల్లిగూడెం

జవాబు: అమ్మాయికి ఇష్టం లేకపోతే వద్దమ్మా. ఈ విషయంలో నాకు రెండో మాట లేదు. ఇష్టం లేని ముఖాన్ని కెమెరా ఎక్కడ పెట్టినా దాచలేదు. అల్లుడుగారికి నేరుగా చెప్పడం ఇబ్బందిగా ఉంటే, పెళ్లికి ముందు రోజు ఉదయం ఆరున్నర నుంచి ఎనిమిది దాకా మీ ఊరి కాలవ గట్టు మీదో, మీ ఇంటి డాబా మీదో గంటన్నర తీయిద్దామని చెప్పండి. పెళ్లికి మాట్లాడుకున్న కాండిడ్ అతనే అయిదారు వేలకు తీస్తాడు. మీ అమ్మాయి చదివిన స్కూలు, మీ పెరట్లో కొబ్బరిచెట్లు అందులో పడితే వాళ్లకు అరకు కంటే అవే దగ్గరగా అనిపిస్తాయి. మిగిలిన డబ్బుతో పెళ్లినాడు ఒక మనిషిని ఎక్కువ పెట్టండి.

ప్రశ్న: మా అబ్బాయి పెళ్లయి తొమ్మిది నెలలైంది. లక్షా 20 వేలు మాట్లాడుకుని లక్ష ఇచ్చేశాం. ఆల్బమ్ రాలేదు. అడిగితే ఇంకో 30 వేలు కట్టమంటున్నారు. ఫొటోలైనా ఇవ్వమంటే, "అవి మావి, ఒరిజినల్స్ ఇవ్వం" అంటున్నారు. కాగితం రాసుకోలేదు.
— ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నా వృత్తిలో ఉన్నవాళ్లే ఇలా చేస్తున్నందుకు సిగ్గుగా ఉంది.

ముందు మీ హక్కు. మన కాపీరైట్ చట్టం, 1957లో 17వ సెక్షన్ ఉంది. ఒకరు డబ్బిచ్చి తమ కోసం తీయించుకున్న ఫొటో మీద, వీడియో మీద మొదటి హక్కు తీయించుకున్న వారిదే. దానికి విరుద్ధంగా ఒప్పందం ఏదైనా రాసుకుని ఉంటే తప్ప. మీరు ఏ కాగితమూ రాసుకోలేదు. మామూలుగా కాగితం లేకపోవడం నష్టమే, ఈ ఒక్క విషయంలో మాత్రం మీకు మేలే చేసింది. "అవి మావి" అనే మాట చెల్లదు. కెమెరాలోని రా ఫైళ్లు, అంటే ఎడిటింగ్ ఏమీ చెయ్యకముందున్నవి, కూడా ఇవ్వాలా అన్నది వేరే సంగతి. అవి మామూలు కంప్యూటర్లో అన్నిసార్లూ తెరుచుకోవు కూడా. మీరు అడగాల్సింది పూర్తి సైజులో ఉన్న ఫొటోలన్నీ.

ఇప్పుడు చెయ్యాల్సింది. ఫోన్‌లో మాట్లాడటం ఆపెయ్యండి. వాట్సాప్‌లోనో, స్పీడ్ పోస్టులోనో రాయండి: ఫలానా తేదీన పెళ్లి, ఇంత మాట్లాడుకున్నాం, ఇంత ఇచ్చాం, పదిహేను రోజుల్లో ఫొటోలన్నీ హార్డ్ డిస్క్‌లో ఇవ్వండి, మిగతా 20 వేలు ఆల్బమ్ చేతికి రాగానే ఇస్తాం. డబ్బు పంపిన ఫోన్‌పే, బ్యాంకు వివరాలు, పాత మెసేజీలు ఒకచోట పెట్టుకోండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చెయ్యండి. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 5 లక్షల లోపు వ్యవహారానికి అక్కడ ఫీజు లేదు, లాయరు లేకుండా మీరే వెయ్యొచ్చు. గడువు రెండేళ్లు. నాకు తెలిసి చాలా వ్యవహారాలు రాతపూర్వకంగా ఒక నోటీసు వెళ్లగానే తేలిపోతాయి.

ఒక్కటి మాత్రం మీవైపు కూడా చూసుకోండి. ఆల్బమ్‌కు ఫొటోలు ఏరి ఇమ్మని వాళ్లు పంపారా? చాలా ఇళ్లలో ఇక్కడే ఆలస్యమవుతుంది. రెండున్నర వేల ఫొటోలు చూసి రెండు వందలు ఏరడం ఎవరికీ కుదరదు. అబ్బాయి బెంగళూరులో, కోడలు ఆఫీసులో. వాళ్లు పంపి ఉండి, మీరు ఏరకపోతే ఆ పని ముందు పూర్తి చెయ్యండి.

మిగతా పాఠకుల కోసం: డబ్బు నాలుగు భాగాలు చేసుకోండి. బుక్ చేసేటప్పుడు ఒక భాగం, పెళ్లినాడు ఒక భాగం, ఫొటోలన్నీ హార్డ్ డిస్క్‌లో చేతికి వచ్చాక ఒకటి, ఆల్బమ్, వీడియో అందాక చివరిది. పెళ్లి మర్నాడే మీ హార్డ్ డిస్క్ ఇచ్చి కాపీ చేయించుకోండి. ఇది ఫొటోగ్రాఫర్ మీద అనుమానంతో కాదు. 2009లో ఒక పెళ్లిలో నా మెమరీ కార్డు ఒకటి చెడిపోయింది. అందులో అప్పగింతలు మొత్తం ఉన్నాయి. పెళ్లికూతురి తండ్రి కూతురి చేతులు పాలలో ముంచి, ఆ చేతులు వియ్యపురాలి చేతిలో పెడుతూ ఏడ్చిన ఫొటో అందులో ఉందని నాకు తెలుసు, నేనే తీశాను. హైదరాబాద్ తీసుకెళ్లి ఎంతమందికి చూపించినా రాలేదు. ఆ ఇంటికి వెళ్లి చెప్పడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. అప్పటి నుంచి రెండు కార్డుల్లో ఒకేసారి రాసే కెమెరా తప్ప వాడను. మీరు మాట్లాడుకునే మనిషిని "మీ కెమెరాకు రెండు కార్డు స్లాట్లు ఉన్నాయా" అని అడగండి. కెమెరా కంపెనీ పేరు కంటే ఈ ప్రశ్న ముఖ్యం.

ప్రశ్న: నేను డల్లాస్‌లో ఉంటున్నాను. వీసా ఇబ్బందుల వల్ల తమ్ముడి పెళ్లికి రాలేకపోతున్నాను. లైవ్ పెట్టించమన్నాను. మధ్యలో ఆగిపోకుండా ఏం చూసుకోమనాలి?
— ఒక అక్క

జవాబు: హాల్ వాళ్ల వైఫై మీద ఆధారపడొద్దని చెప్పమ్మా. అయిదు వందల మంది ఫోన్లు ఆ హాల్లోనే ఉంటాయి, అదే టవర్ మీద మొబైల్ నెట్ కూడా నెమ్మదిస్తుంది. కేబుల్ అతనితో మాట్లాడి రెండు రోజులకు విడిగా ఒక ఫైబర్ లైను వేయించమను. ముందు రోజు రాత్రి అదే వేళకు అరగంట పెట్టి చూడాలి. లైవ్ నడుస్తున్నంతసేపూ సినిమా పాటలు పెట్టొద్దను. కాపీరైట్ వల్ల యూట్యూబ్ శబ్దం తీసేసే ప్రమాదం ఉంది, ఒక్కోసారి లైవే ఆపేస్తుంది. అప్పుడు నీకు మంత్రాలూ వినిపించవు. సన్నాయి మేళం ఉంటే చాలు.

తేదీ మాత్రం జాగ్రత్త. శుభలేఖలో "14వ తేదీ శనివారం రాత్రి 1:40 గంటలకు, తెల్లవారితే ఆదివారం" అని ఉంటే, క్యాలెండర్ ప్రకారం అది 15వ తేదీ. నీకు అక్కడ చలికాలంలో పదకొండున్నర గంటలు వెనక, అంటే 14వ తేదీ మధ్యాహ్నం 2:10. ఇక్కడివాళ్లే ఇందులో పొరబడతారు. మా జిల్లాలో ఒక పెళ్లికి "15న ముహూర్తం" అని ఫోన్‌లో చెప్పి బుక్ చేశారట. 14 రాత్రి పెళ్లివారు ఎదురుచూస్తుంటే ఫొటోగ్రాఫర్ ఇంట్లో నిద్రపోతున్నాడు. ఎవరి తప్పని అంటాం? బుక్ చేసేటప్పుడు శుభలేఖ ఫొటో తీసి పంపి, "తెల్లవారితే ఆదివారం, మీరు శనివారం సాయంత్రమే రావాలి" అని మాటల్లో కూడా రాయండి.

ప్రశ్న: నేను టైలరింగ్ చేస్తాను. చెల్లి పెళ్లి అన్నవరం కొండ మీద. అమ్మానాన్నా లేరు, నేనే చేస్తున్నాను. ఫొటోలకు 15 వేలు మించి పెట్టలేను. ఎవరిని అడిగినా అంతకు రామంటున్నారు. ఫోన్‌లో తీసుకుంటే సరిపోతుందా?
— ఒక అన్న, తుని

జవాబు: బాబూ, 15 వేలకు ఒక మంచి పెళ్లి తీయొచ్చు. నువ్వు అడిగే పద్ధతి మార్చు. "పెళ్లికి ఎంత" అని అడిగితే ప్యాకేజీ చెబుతారు. "ఒక్క ఫొటోగ్రాఫర్, అయిదు గంటలు, కొండ మీద, వీడియో వద్దు, ఆల్బమ్ వద్దు, ఫొటోలు పెన్‌డ్రైవ్‌లో చాలు" అని అడుగు. తుని, అన్నవరం, కత్తిపూడిల్లో 10, 11 వేలకు వచ్చేవాళ్లు ఉంటారు. అన్నవరంలోనే పనిచేసేవాళ్లయితే ఇంకా మంచిది. సీజన్‌లో ఒక్క రాత్రి అక్కడ ఎన్నో పెళ్లిళ్లు పక్కపక్కనే జరుగుతాయి. ఆ ఇరుకులో ఎక్కడ నిలబడాలో, కెమెరా ఎక్కడిదాకా రానిస్తారో వాళ్లకు బాగా తెలుసు.

ఫోన్‌ను వీడియోకు వాడు. మీ బంధువుల్లో నిదానంగా ఉండే ఒకరిని ఎంచుకుని, ఫోన్ అడ్డంగా పట్టుకుని, నడవకుండా ఒకచోట నిలబడి తీయమను. జీలకర్ర బెల్లం, తాళి, తలంబ్రాలు, ఈ మూడూ ఆపకుండా తీస్తే చాలు. ముందు రోజు ఫోన్‌లో ఖాళీ ఎంత ఉందో చూసుకోవాలి, ఛార్జర్ వెంట ఉండాలి.

అన్నిటికంటే ముందు చెయ్యాల్సిన పని ఒకటి ఉంది. ఒక తెల్లకాగితం తీసుకుని, ఎవరెవరి ఫొటోలు తప్పకుండా ఉండాలో పేర్లు రాయి. మీ మేనత్త, మీ అమ్మవైపు మిగిలిన పెద్దవాళ్లు, నీకు పని నేర్పిన గురువు, చెల్లి స్నేహితురాళ్లు. ఆ కాగితం నీ దగ్గర పెట్టుకోకు. ఆ రోజు కన్యాదానం పీటల మీద కూర్చోవాల్సింది నువ్వే కావచ్చు, నీకు ఊపిరి ఆడదు. అందరినీ పేరు పెట్టి పిలవగలిగే బాబాయికో, బావకో ఇవ్వు. ఒక్కొక్కరినీ ఫొటోగ్రాఫర్ ముందుకు తీసుకురావడమే ఆయన పని.

ఇది ఎందుకు ఇంత నొక్కి చెబుతున్నానంటే, మా స్టూడియోకు పాత నెగెటివ్‌ల కోసం వచ్చేవాళ్లలో ఎక్కువమంది పెళ్లికూతుళ్లో పెళ్లికొడుకులో కాదు. ఇంట్లో ఎవరో పోయి, పెద్దకర్మ నాటికి పటం కట్టించడానికి ఫొటో లేక వస్తారు. "మీరు తీసిన ఫలానా పెళ్లిలో మా నాయనమ్మ ఉంది, చూడండి" అంటారు. ఇరవై ఏళ్ల కిందటి డబ్బాలు దించి, నెగెటివ్‌లు లైటు మీద పెట్టి వెతుకుతాను. రీలుకు 36 ఫొటోలే ఉన్న రోజులవి, ముసలివాళ్ల కోసం విడిగా ఒకటి ఖర్చు పెట్టేవాళ్లం కాదు. పోయిన శ్రావణంలో ఒకాయన వస్తే, ఆరు రీళ్లు చూశాక వాళ్లమ్మ దొరికింది. తలంబ్రాల వెనక, వేరొకరి భుజం మీదుగా, సగం ముఖం. ఆయన దాన్నే పటం కట్టించుకున్నారు. ఇప్పుడు ఫొటోకు ఖర్చు లేదు. అడిగితే చాలు తీస్తారు.

ఫొటోగ్రాఫర్‌కు ఇవ్వగా మిగిలిన నాలుగు వేలలో రెండు వేలు ప్రింట్లకు పక్కన పెట్టు. వంద ఫొటోలు మామూలు సైజులో వేయించి, పుస్తకాల షాపులో దొరికే అట్ట ఆల్బమ్‌లో మీరిద్దరూ కూర్చుని పెట్టుకోండి. పెళ్లయిన నెలలోపే ఈ పని చేసెయ్. ఫోన్ మారుస్తారు, పెన్‌డ్రైవ్ ఎక్కడో పెడతారు. మీ అమ్మానాన్నల ఫొటో ఇంట్లో ఉంటే పెళ్లి రోజున దాన్ని కొండకు తీసుకెళ్లు. తలంబ్రాలు అయ్యాక చెల్లినీ బావనూ దాని పక్కన కూర్చోబెట్టి, నువ్వూ కూర్చుని, ఒక ఫొటో తీయించుకో.